వెనక చక్రంలో ముగ్గు

మా అక్కకు కోపం వస్తే బావతో మాట్లాడదు. నాతో మాట్లాడుతుంది. బావ ఎదురుగానే కూర్చుని ఉంటాడు, అన్నం కంచం ఆయన ముందే ఉంటుంది, అయినా మాట మాత్రం నా మీదుగా వెళ్ళాల్సిందే. "మీ బావకు చెప్పు, పప్పు ఇంకింత వేసుకొమ్మని." "మీ బావకు చెప్పు, రేపు కరెంటు బిల్లు కట్టాలె అని." బావ కూడా తక్కువవాడేం కాదు. "మరదలా, నాకు చెవులు మంచిగనే ఇనబడుతున్నయని మీ అక్కకు చెప్పు" అంటాడు. మధ్యలో నేను. నాకసలే ముక్కు మీద కోపం. "మీ ఇద్దరి నడుమ నేనేమన్న టెలిఫోన్ తీగనా?" అని కసిరి లేచిపోతాను. లేచిపోయినా ఎక్కడికి పోతాను, పక్కిల్లే కదా నాది.

బాన్సువాడలో ఇళ్ళు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఉంటాయి మా రెండిళ్ళూ. నేను ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా ఆయన ఉద్యోగం మద్నూర్‌లో, ఆదివారాలు తప్ప కనబడడు. అందుకని నా చాయ్, నా భోజనం, నా పోట్లాట అన్నీ అక్క ఇంట్లోనే. అక్క గేటు దగ్గర నిలబడితే ఎదురుగా వరి మడులు బల్లపరుపుగా పరుచుకుని ఉంటాయి. వాటికి అవతల కాలువ కట్ట, ఈ చివర నుంచి ఆ చివరకు స్కేలు పెట్టి గీసినట్టు పోతుంది. రోజూ సాయంత్రం బావ ఆ కట్ట మీద సైకిలేసుకుని నీళ్ళు చూడ్డానికి వెళ్తాడు. మాకు నీళ్ళు వంతుల మీద వస్తాయి. మన వంతు నడిచేటప్పుడు తూము మీద కన్నేసి ఉంచకపోతే, ఎవరో ఒకరు పలక దించేసి నీళ్ళు తమ మడికి మళ్ళించుకుంటారు. అడిగితే "నేను కాదన్నా" అంటారు. కాబట్టి వెళ్ళకా తప్పదు, చీకటి పడేదాకా అక్కడ ఉండకా తప్పదు.

కిందటి యాసంగి పంటప్పుడు చెరుకు ట్రాక్టరు బావను గుద్దింది. పొలాల్లోంచి బండ్లబాట కట్ట మీదికి ఎక్కే చోట, పక్క నుంచి వచ్చి గుద్దింది. సైకిలుకు డైనమో లైటు ఉంది, కానీ అది ముందుకే కదా వెలిగేది. పక్క నుంచి వచ్చేవాడికి మసక చీకట్లో నల్ల సైకిలు, దాని మీద మట్టి రంగు అంగీ వేసుకున్న మనిషి, ఏం కనబడతాయి? డ్రైవరు దిగి నెత్తి కొట్టుకుని ఏడ్చాడట, "అన్నా, నాకు కనబడలే, మా అవ్వ మీదొట్టు" అని. కాలు విరిగి కింద పడి ఉన్న బావే అతన్ని ఓదార్చాడట. మా బావ అలాంటి మనిషి. నిజామాబాద్ దవాఖానలో మోకాలి కింద రాడ్ వేశారు.

ఆ సాయంత్రం అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. కట్ట మీద ట్రాక్టరు లైట్లు ఆగడం చూసింది కూడా. "ఎవరిదో ట్రాక్టర్ ఆగింది అనుకుంట లోపటికి పోయి బియ్యం కడుక్కుంట కూసున్న" అని తర్వాత ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. ఆయన అక్కడ పడి ఉంటే తాను ఇక్కడ బియ్యం కడుక్కుంటూ ఉందన్న సంగతి ఆమె గుండెలో ముల్లులా దిగిపోయింది. ఎవరెంత చెప్పినా ఆ ముల్లు బయటికి రాలేదు.

వానకాలం వచ్చేసరికి బావ లేచి నడిచాడు. నడక మాత్రం కుంటుగా మిగిలిపోయింది. కాలు బిగుసుకుపోకుండా మెల్లగా సైకిలు తొక్కడం మంచిదని డాక్టరు చెప్పాడు. ఇంకేముంది, ఆ మాట పట్టుకుని బావ సైకిలు బయటికి తీశాడు. అక్క ఒంటికాలి మీద లేచింది. ఆ రోజు నుంచి ఆయనతో నేరుగా మాట్లాడటమే మానేసింది. అంతకుముందు కోపం ఒక పూట ఉండేది, మహా అయితే రెండు పూటలు. ఈసారి నెలలు గడిచాయి. అన్నం పెట్టేది, కాలికి నూనె రాసేది, వేడినీళ్ళు తోడేది, మాట మాత్రం నా ద్వారానే. చివరికి నేను కాలేజీ నుంచి వచ్చేదాకా ఇద్దరూ మాటలు దాచిపెట్టుకుని కూర్చునేవాళ్ళు. గేటు తీసేసరికి ఇటు నుంచి రెండు, అటు నుంచి మూడు.

"బండేదన్నా కొనుక్కోరాదు బావా, పీడ పోతది" అన్నాను ఒకరోజు విసుగెత్తి.

"మోటర్ బండి ఆపాల్నంటే కాలు గట్టిగ ఆనియ్యాలె మరదలా. గీ కాలు ఆనది" అన్నాడు. చాపిన కాలు సర్దుకుని మళ్ళీ తనే అన్నాడు, "నడిస్తే, అగో కుంటుకుంట పోతుండు అని చూస్తరు. సైకిల్ ఎక్కినంక నా నడక ఎవ్వనికి తెల్వది."

అంతసేపూ ఆయనది మొండితనం అనుకుంటున్నాను. ఆ సైకిలు లేకపోతే ఆయన ఇంట్లోంచి బయటికే రాడని అప్పుడు అర్థమైంది.

ఫోను సంగతి కూడా చెప్పాలి, లేకపోతే "ఫోన్ చేస్తే అయిపోయేది కదా" అని చదివేవాళ్ళు నన్ను తిడతారు. చేసేవాళ్ళమే, ఆయన దగ్గర ఉంటే! తూము మీద వంగినప్పుడు అంగీ జేబులోంచి ఒక ఫోను కాలువలో పడింది. కొత్తది కొనిస్తే అది కూడా పడింది. ఆ తర్వాత కొన్నదాన్ని భద్రంగా ఇంట్లో టీవీ పక్కన పెట్టి వెళ్తాడు. దానికి దిష్టి తగలకుండా చూడమని అక్కకు చెప్పమంటాడు.

ఒక పొద్దున అక్క నన్ను పిలిచి, బావ వినేలా తీర్పు చెప్పింది. "మీ బావకు చెప్పు. దీపావళి దాక చూస్త. గేటు కాడ నిలబడితే నాకు మనిషి కనబడాలె. వచ్చేటోడు ఆయనే అని నాకు తెల్వాలె. లేకుంటే సైకిల్ తీస్కపోయి పాత ఇనుపసామాన్లోనికి ఇచ్చేస్త. ఇగ నా మాటకు తిరుగులేదు."

బావ నా వంక చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. అక్క అన్నంత పనీ చేస్తుందని ఇద్దరికీ తెలుసు.

చీకట్లో వెలిగే అగరుబత్తీని గిరగిరా తిప్పితే ఎర్రటి గుండ్రం కనబడుతుంది. కాకరపువ్వొత్తితో పిల్లలు గాల్లో గీతలు గీస్తారు. నిప్పు ఒక్కచోటే ఉంటుంది, కానీ కంట్లో పడ్డ వెలుగు అప్పటికప్పుడు చెరిగిపోదు కాబట్టి గీత మొత్తం ఉన్నట్టు తోస్తుంది. ఇది నేను ఏటా క్లాసులో చెప్పే పాఠమే. సైకిలు చక్రం స్పోకుల మీద చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాలు వరసగా పెట్టి, చక్రం ఏ వైపుకు తిరిగి ఉన్నప్పుడు ఏ దీపం వెలగాలో ఒక బుల్లి కంప్యూటర్ బోర్డుకు నేర్పితే, తిరిగే చక్రంలో బొమ్మ నిలబడుతుంది. ఫోనులో వీడియోలు చూశాను. కొనేవి కూడా దొరుకుతాయి, వాటి ధర చూసి ఫోను పక్కన పెట్టేశాను. మనమే చేసుకుంటే పోలా అనుకున్నాను. ఆ "పోలా" అన్న మాట నా తలప్రాణం తోకకు తెచ్చింది.

దీపాల పట్టీ వినాయక మండపాలకు లైట్లు కట్టే ఆయన దగ్గర మిగిలిపోయిన ముక్కల్లోంచి తెచ్చాను. బ్యాటరీ పాడైపోయిన లాప్‌టాప్‌లోంచి ఊడదీశాను. అయస్కాంతం, మోగడం మానేసిన చిన్న స్పీకరులోది. దాన్ని సైకిలు కడ్డీకి అతికించి, అయస్కాంతాన్ని పసిగట్టే సెన్సరు చక్రానికి కట్టాను. చక్రం ఒక చుట్టు తిరిగి అయస్కాంతం ముందుకు వచ్చినప్పుడల్లా బోర్డుకు తెలుస్తుంది, ఇక్కడి నుంచి బొమ్మ మళ్ళీ మొదలుపెట్టాలని. బోర్డు, సెన్సరు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించాను. అన్నిటినీ ఒక సబ్బు డబ్బాలో కూర్చి, వానకు తడవకుండా పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగాను.

పెట్టింది వెనక చక్రానికి. ముందు చక్రం హ్యాండిల్‌తో పాటు అటూ ఇటూ తిరుగుతుంది, బొమ్మ వంకరపోతుంది. పైగా వెనక చక్రమైతే స్టాండు వేసి వాకిట్లోనే పెడలు చేత్తో తిప్పి చూసుకోవచ్చు. స్టాండు వేస్తే చక్రం నేలకు ఆనదు కదా. ఆ తిప్పే పని అక్కది. పీట వేసుకుని కూర్చుని, కుడిచేత్తో పెడలు తిప్పుతూ, ఎడమచేత్తో చిక్కుడుకాయలు వొలుస్తూ, "ఇగ చాలా? చెయ్యి పీకుతుంది" అని గొణిగేది. బావ ఇంకో పక్క కుర్చీలో కూర్చుని కాలు చాపుకుని చూసేవాడు. "మరదలా, మీ అక్క గింత జోరుగ తిప్పుతుంటే సైకిల్ నిజామాబాద్ దాటుతది అని చెప్పు." అక్క ఇంకా జోరుగా తిప్పేది.

మొదట 'బావ' అని రాయించాను. వచ్చేది ఆయనే అని అక్కకు తెలియాలి కదా, ఇంతకంటే తేటగా ఏం ఉంటుంది? అదీ నా తెలివి. దీపాలు రెండు వైపులా కనబడాలని వీపుకు వీపు ఆనించి అతికించాను. స్టాండు మీద తిప్పితే అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. నేను ఎగిరి గంతేశాను. ఆ సాయంత్రం బావను కట్ట మీదికి పంపి, అక్కా నేనూ గేటు దగ్గర నిలబడ్డాం. వెళ్ళేటప్పుడు 'బావ' అని ఏదో కనబడీ కనబడకుండా పోయింది. వచ్చేటప్పుడు మాకు సైకిలు రెండో వైపు కనబడుతుంది కదా, ఆ వైపు నుంచి అంతా అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. పైగా స్టాండు మీద అక్క తిప్పిన వేగం ఎక్కడ, ఆ కాలుతో బావ తొక్కే వేగం ఎక్కడ! బొమ్మ నిలవలేదు, మినుకు మినుకుమంటూ ముక్కలైపోయింది. అదీ చాలదన్నట్టు బ్యాటరీ బరువంతా ఒక పక్కనే ఉండటంతో చక్రం ఎత్తెత్తి వేసింది.

బావ వచ్చి సైకిలు దిగుతూ, "మరదలా, ఏంది గిది? గుర్రమెక్కి వచ్చినట్టున్నది" అన్నాడు నడుం పట్టుకుని.

"మీ బావకు చెప్పు," అంది అక్క, "పోంగ కనబడి నాకేం ఫాయిదా? రాంగ కనబడాలె."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని రోజులు కళ్ళు పొడుచుకుని టంకం వేస్తే ఇదా మాట! పట్టీ పీకి పారేస్తానన్నాను. నిజంగానే పీకబోయాను. అక్క నా చేతిలోంచి పట్టకారు లాక్కుని చాయ్ గ్లాసు పెట్టింది. "రాతలెందుకే? ముగ్గు వెయ్యి. ముగ్గును ఇటు కెల్లి చూసినా, అటు కెల్లి చూసినా ఒక్క తీరే ఉంటది" అంది.

చాయ్ తాగేసరికి నా కోపం చల్లారింది, మాట తలకెక్కింది. సరే కానిమ్మంటే, పొద్దున్నే పేడనీళ్ళతో సాన్పు జల్లిన వాకిట్లో ఈ మూల నుంచి ఆ మూల దాకా అక్క ఒక ముగ్గు పరిచింది. ఆ మెలికలు, ఆ సుడులు, నడుమ చిలకలు! "అక్కా, నా దగ్గర ఉన్నయి గిన్నే దీపాలు, చిలకలను ఏడ కూసోబెట్టాలె?" అన్నాను. చిలకలు పోతే ముగ్గేముంటదని ఆమె, చిలకలు పట్టవని నేను. సగం పొద్దు దాని మీదే గొడవ. చివరికి రేకులు బారుగా ఉన్న ఒట్టి తామరపువ్వుకు రాజీపడింది. చిలకలు పోయినందుకు రెండు రోజులు మూతి ముడుచుకుంది, అది వేరే సంగతి.

వేగం సంగతి నేను తేల్చుకున్నాను. ఒక పట్టీకి బదులు మూడు పట్టీలు సమానమైన ఎడంలో కట్టాను. ఒకటి దాటిపోయిన చోటికి ఇంకొకటి వెంటనే వస్తుంది కాబట్టి మెల్లగా తొక్కినా పువ్వు పూర్తిగా చెదిరిపోదు. బ్యాటరీలను కూడా మూడు వైపులా పంచాను, గుర్రం గంతులు మానింది.

మళ్ళీ గేటు దగ్గర నిలబడ్డాం. పొద్దు గూకింది. మడుల్లో కప్పలు అందుకున్నాయి. కట్ట మీద మోటారు గది వెనక నుంచి ఒక తెల్లటి పువ్వు బయటికి వచ్చింది. కాస్త అదురుతూ, ఒక్కోసారి రేకు తెగి మళ్ళీ అతుక్కుంటూ, వరి పైరు మీదుగా తేలుతున్నట్టు మెల్లగా వెళ్ళింది. సైకిలు లేదు, మనిషి లేడు, పువ్వు ఒక్కటే. అక్క నా చెయ్యి పట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడూ అదే పువ్వు, అదే తీరున. అది కట్ట దిగి మా బాట పట్టేదాకా నా చెయ్యి వదల్లేదు. వేళ్ళు నొప్పి పుట్టాయి, అయినా బాగుంది.

మా పక్క పొలం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ క్యాంపు పెద్దాయనది. మర్నాడు నన్ను ఆపి, "ఏమ్మా, మీ బావగారి సైకిలేంటి, పెళ్ళి ఊరేగింపులా వెలిగిపోతోంది? మా దూడ బెదిరి గట్టెక్కేసిందండీ బాబూ!" అన్నాడు. ఆ తర్వాత మాత్రం, ఆ పువ్వు కట్ట దిగితే టైము చూసుకోనక్కర్లేకుండా పాలు తీయడానికి లేస్తున్నానని ఆయనే అన్నాడు.

దసరా వచ్చింది. పొద్దున నేను తలంటు పోసుకుని వచ్చేసరికి అక్క సైకిలుకు బకెట్లతో స్నానం చేయించేసింది. పరుగున వెళ్ళి సబ్బు డబ్బా విప్పి చూశాను. నయం, ట్యూబు తొడుగు నీళ్ళను ఆపింది. అంతటితో ఊరుకుందా? బండికి పసుపు కుంకుమ పెట్టాలి కదా! హ్యాండిలుకు పెట్టింది, బెల్లుకు పెట్టింది, ఆపైన ఎంతో భక్తిగా, ఒక్కటి కూడా వదలకుండా, నా దీపాలన్నిటికీ పసుపు పూసింది. ఇరుసు దగ్గరున్న వాటికి పసుపు మీద కుంకుమ బొట్టు.

"ఓర్నాయనో! దీపాలకు ఎవరన్న పసుపు పూస్తరా అక్కా? వెలుగెట్ల వస్తది?"

"దీపానికి గాక దేనికి పూస్తరే? చదువుకున్నవు గాని..." అంది, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ. పండగ పూట తుడవనివ్వలేదు. బావ లోపల నుంచి, "మరదలా, నా నెత్తికి కూడా పూసిందని చెప్పు" అన్నాడు. నిజమే, ఆయన నుదుటి నిండా కుంకుమ.

పళ్ళు నూరుకుంటూ సాయంత్రం దాకా ఆగాను. కట్ట మీద పువ్వు కనబడింది. తెల్లగా కాదు, లేత పసుపులో, నడుమ ఎర్రగా. కోతల కాలం మొదలైంది, కట్ట మీద హార్వెస్టర్లు, ట్రాక్టర్లు, మోటారు బండ్లు, అన్నిటివీ తెల్ల లైట్లే. వాటి మధ్య ఆ పసుప్పచ్చది ఒక్కటే వేరుగా ఉంది. కళ్ళు చికిలించే పని లేకుండా ఇట్టే తెలిసిపోతోంది. పొద్దున గోల చేసిన నేనే గేటు మీదికి వంగి దాన్నే చూస్తున్నాను. అక్క ఆ విషయం గమనించి, గమనించనట్టు లోపలికి పోయింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసినాక ఆ చేత్తోనే చక్రానికీ రాస్తుంది. నేను అడ్డుపడటం మానేశాను.

దీపావళి దాటింది. సైకిలు పాత సామాన్లలోకి పోలేదు. బావ మొహంలో మళ్ళీ వెలుగు వచ్చింది. కానీ అక్క మాత్రం ఆయనతో నేరుగా మాట్లాడలేదు. "ఇంకా ఏం కోపమే నీకు? నువ్వన్నట్టే అయింది గదా" అని వంటింట్లో నిలదీశాను. అక్క గిన్నె తోముతూ తోముతూ ఆగింది. "కోపం కాదే. ఆయన ముఖం చూసి మాట్లాడాల్నంటే నాకు బియ్యం కడిగింది యాదికొస్తది. ఏడుపొస్తది" అంది. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం కాసేపు గిన్నెలు తోమాం.

మళ్ళీ యాసంగి వచ్చింది. నాట్లు పడ్డాయి, నీళ్ళ వంతులు మొదలయ్యాయి. చలికాలం కదా, తొందరగా చీకటి పడేది. ఒక సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చి స్కూటీ స్టాండు వేస్తుంటే, అక్క ఎప్పటిలాగే గేటు దగ్గర ఉంది. కట్ట మీద పువ్వు తిరుగు దారి పట్టింది. ఇద్దరం చూస్తున్నాం. బండ్లబాట కట్ట ఎక్కే చోటికి, అదే చోటికి, వచ్చింది. వచ్చి, ఆరిపోయింది.

చక్రం ఆగితే పువ్వు ఉండదు. పట్టీల మీది దీపాలు అంత దూరానికి ఆనవు. అంటే ఆయన ఆగాడు. ఎందుకు ఆగాడు? అక్క రెండు చేతులతో గేటు పట్టుకుంది. గేటు చప్పుడు చేస్తోంది. "ట్రాక్టర్ లేదు అక్కా, చూడు, లైట్లేం లేవు" అంటూ స్కూటీ వైపు తిరిగాను. తాళంచెవి చేతిలోనే ఉంది, స్కూటీకి పెట్టబోతే రంధ్రం దొరకడం లేదు.

"వచ్చింది" అంది అక్క.

తలెత్తి చూశాను. అదే చోట పువ్వు విచ్చుకుంది. ఎప్పుడూ అంత బాగా రాలేదు. ఒక్క రేకు తెగలేదు, ఒక్క చుక్క చెదరలేదు, వాకిట్లో అక్క వేసినట్టే నిండుగా ఉంది. కానీ కదలడం లేదు. ముందుకు పోదు, వెనక్కి పోదు, కట్ట మీద ఒకే చోట నిలబడి ఉంది. చక్రం తిరిగితేనే పువ్వు, తిరిగితే సైకిలు ముందుకు పోవాలి. ఫిజిక్స్ చెప్పేదాన్ని, నాకు బుర్ర పనిచేయలేదు. కాసేపటికి పువ్వు సన్నగిల్లి ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆరింది. మళ్ళీ వెలిగింది.

"ఉన్నడు. ఆగిండు గాని, ఉన్నడు. బండి తియ్యవే!" అంటూ అక్క వెనకాల ఎక్కి కూర్చుంది. స్టవ్వు మీద ఏం ఉందో, తలుపు వేసిందో లేదో, ఏదీ పట్టలేదు. దారంతా ఆమె గడ్డం నా భుజం మీదే ఉంది. పువ్వు మీద నుంచి చూపు తిప్పలేదని నాకు తెలుస్తూనే ఉంది. ఆరినప్పుడల్లా "జోరుగ పోనియ్యవే" అనేది.

మా లైటు వెలుగులో బావ కనబడ్డాడు. సైకిలుకు స్టాండు వేసి ఉంది. దాని పక్కన నేల మీద కూర్చుని, రాడ్ వేసిన కాలు బారుగా చాపుకుని, చేత్తో పెడలు తిప్పుతున్నాడు. చెమటలు కారుతున్నాయి, అంత చలిలో.

"ఏమైంది బావా?" అని అరిచాను.

"కాలు పట్టేసింది మరదలా. ఎటూ కదుల్తలేదు. ఎవరన్న వస్తరని ఇట్ల కూసున్న." పెడలు తిప్పుతూనే ఉన్నాడు. "ఇది ఆగితే మీ అక్కకు నేను కనబడ గదా. ఆమె ఆడ నిలబడి ఉంటది."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క స్కూటీ దిగి వెళ్ళి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. పెడలు మీదున్న ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇగ చాలు తియ్యుండ్రి," అంది. "నేను ఈడనే ఉన్న."

చక్రం మెల్లగా ఆగింది. పువ్వు పోయి మూడు పట్టీల వెలుగు మిగిలింది. బావ అక్క మొహంలోకి చూశాడు. అక్క ఏడుస్తోంది, ఏడుస్తూనే ఆయన మొహంలోకి చూస్తోంది. ఆయన నా వైపు తిరిగి, "మరదలా, విన్నవా? మీ అక్క నాతోని మాట్లాడింది" అన్నాడు.

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. "మీ బావకు చెప్పు, స్కూటీ ఎక్కమని. సైకిల్ నేను నడిపించుకుంట వస్త." పెత్తనం మళ్ళీ వచ్చేసింది.

ఇద్దరం పట్టుకుని ఆయన్ను లేపాం. కాలు వంగదు కాబట్టి నా వెనకాల అడ్డంగా, రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసి, వెనక్కి చూస్తూ కూర్చున్నాడు. గుంతలు తప్పిస్తూ నేను ముందు వెళ్తున్నాను. అద్దంలో చూస్తే అక్క సైకిలు తోసుకుంటూ వస్తోంది. నడక వేగానికి పువ్వు నిలవదు, ఒక రేకు కనబడి పోయేది, తర్వాత ఇంకొకటి. అన్ని రోజులూ సైకిలు మీదే ఉన్న మనిషి, కట్ట మీద అది దూరం నుంచి ఎలా కనబడుతుందో బావ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాడు.

"ఎట్లున్నది?" అన్నాను.

ఆయన మెడ ఇంకాస్త వెనక్కి తిప్పాడు. మలుపు దగ్గర తుమ్మ చెట్లు అడ్డం వచ్చి అద్దంలో వెనకంతా చీకటైంది. బావ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపు మరదలా, ఆపు. మీ అక్క కనబడ్తలేదు."

నేను స్కూటీ ఆపేశాను. ఆమె వచ్చేదాకా అక్కడే ఉన్నాం.